కడ్డీ అక్కర్లేని ట్యాంకు

"కడ్డీ లేని ట్యాంకులు ఇవ్వడానికి వీల్లేదండీ," అంది భార్య. పొద్దుట్నుంచి ఆ మాట అనడం అది నాలుగోసారి.

"నా షెడ్డు, నా ట్యాంకులు. వీల్లేదనడానికి నువ్వెవరు?" టీ గ్లాసు ఠపీమని బల్ల మీద పెట్టాడు ట్యాంకులాయన.

వీధి వీధంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. ఎండకి నీళ్ళు కాగే ట్యాంకుల్ని ఇంటి పక్క షెడ్డులో తనే తయారుచేసి, డాబాల మీద బిగించి వస్తాడు. ఇవాళ ఆయన కాలు నేల మీద ఆనడం లేదు. ఆడపిల్లల హాస్టలు నడిపే మేడమ్ ఒకావిడ నలభై ట్యాంకులు కావాలని కబురుపెట్టింది. ఇంకో గంటలో వస్తుంది.

"పదేళ్ళ దాకా పానా పెట్టక్కర్లేదని ఆవిడకి రాసిస్తున్నారు. మన నీళ్ళ సంగతి తెలిసే రాస్తున్నారా? కుళాయి కింద చెంబు పెడితే నెల తిరక్కుండా తెల్లటి చార కడుతుంది. లోపల మెగ్నీషియం కడ్డీ ఉంటే ఆ నీళ్ళు ముందు దాన్ని తింటాయి. లేకపోతే ట్యాంకునే తింటాయి."

"తాతకు దగ్గులు నేర్పకు. మన డాబా మీద ట్యాంకు పెట్టి పదకొండేళ్ళు. మొదటిరోజు వేసిన కడ్డీ రెండేళ్ళకే కరిగిపోయుంటుంది. మరి మిగతా తొమ్మిదేళ్ళూ ట్యాంకును కాపాడింది ఎవరు? నేను లోపల వేసిన పూత! ఒక్క చుక్క కారిందా?"

"కారలేదు."

"మరింకేం?"

"అయినా కడ్డీ ఉండాల్సిందే."

ట్యాంకులాయన తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నీ కోడలికి నువ్వైనా చెప్పు."

"నన్ను లాగకురా. వేడినీళ్ళు వస్తున్నాయి, పోసుకుంటున్నాను," అని ఆవిడ మొహం అటు తిప్పుకుంది.

"పోనీ అమ్మ చెప్పేది పూర్తిగా వినొచ్చుగా నాన్నా," అంది కూతురు.

"నువ్వు కాలేజీకి నడు," అని భార్య వైపు తిరిగాడు. "ఇదిగో, ఆవిడ వచ్చినప్పుడు నువ్వు మాత్రం నోరెత్తకు," అని భార్యకు వేలు చూపించాడు.

"ఎత్తుతాను," అంది భార్య, గ్లాసు తీసుకుని లోపలికి వెళుతూ.

హాస్టలు మేడమ్ చెప్పిన టైముకే వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఇదివరకు బిగించినాయన కూడా పదేళ్ళనే అన్నాడు. నాలుగేళ్ళకే అడుగులు ఊడాయి. గది కప్పులన్నీ చెమ్మ. పరీక్షల రోజుల్లో రెండొందల మంది పిల్లలు వణుక్కుంటూ చన్నీళ్ళు పోసుకున్నారు. నాకు మాటలొద్దు, చూపించండి."

ఆయనకు కావలసిందీ అదే. "పైకి రండి మేడమ్. పదకొండేళ్ళుగా మూత తియ్యని ట్యాంకు. మీ కళ్ళ ముందే విప్పుతాను. లోపల కడ్డీ ఉండదు, తుప్పూ ఉండదు."

డాబా మీద వాల్వు కట్టేసి, కాసిని నీళ్ళు వదిలేసి, పైన కడ్డీ దించే చోట ఉన్న నట్టుకి పానా తగిలించాడు. పదకొండేళ్ళ నట్టు కదా, సుత్తి దెబ్బలు పడాలేమో అనుకున్నాడు. అది ఒక్క తిప్పుకే గిర్రున తిరిగింది. 'నా బిగింపు అలాంటిది మరి!' అని లోలోపలే మురిసిపోయాడు.

"చూడండి మేడమ్, లోపల ఖాళీ..." అంటూ నట్టు పైకి లాగాడు.

నట్టుతోపాటు జానెడు, మూరెడు, ఇంకా ఇంకా పైకొచ్చింది కడ్డీ. బొటనవేలంత లావు. అక్కడక్కడా కాస్త గరుకెక్కిందంతే.

"ఉండదన్నారే?" అంది మేడమ్.

ఆయన కడ్డీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అది ఆరోదండీ," అని మెట్ల దగ్గర్నుంచి భార్య గొంతు వినిపించింది. "రెండేళ్ళకొకటి మారుస్తున్నాను. ఈయన అక్కర్లేదని షెడ్డులో మూల పడేసినవే."

"నాతో చెప్పలేదేం?"

"రెండుసార్లు చెప్పాను. చూద్దాంలే అన్నారు. నేనే చూసుకున్నాను."

"బకెట్టు అందించింది నేనేరా," అని కింది మెట్టు మీద నుంచి తల్లి కేక పెట్టింది.

మేడమ్ నవ్వలేదు. కడ్డీ చేతిలోకి తీసుకుని కొస నుంచి కొస దాకా తడిమి చూసింది. "పానా పట్టడం ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"ఈయన పట్టడం చూసేనండీ. పనిలో ఈయనకి వంక పెట్టలేం. విప్పి చూడడమే బద్ధకం."

ఇద్దరాడవాళ్ళూ మాట్లాడుకుంటూ కిందికి దిగారు. ఆయన ఒక్కడే కడ్డీ మళ్ళీ బిగించి, నీళ్ళు వదిలి, దిగొచ్చేసరికి వీధిలో కారు కదిలిపోతోంది.

ఆ రాత్రి అందరూ భోజనానికి కూర్చున్నాక ఆయన కోపం కట్టలు తెంచుకుంది.

"చేతికందిన బేరం నోటికందకుండా చేశావు! ఏమైంది నీకు? నా పరువు తీస్తే నీకేం ఒరిగింది?"

"బేరం ఎక్కడికీ పోలేదు," అంది భార్య వడ్డిస్తూ. గొంతు పెంచలేదు. "నలభై ట్యాంకులూ మనమే చేసిస్తున్నాం. అన్నిటికీ కడ్డీలు ఉంటాయి. ఏడాదికోసారి వెళ్ళి విప్పి చూసొచ్చే పని కూడా మనదే. ఆవిడ ఒప్పందం కాగితం నా పేర రాసింది."

కూతురు వంచిన తల ఎత్తలేదు. భుజాలు మాత్రం నవ్వుకి కదులుతున్నాయి.

భార్య మంచినీళ్ళ చెంబు ఆయన ముందు పెట్టి, అత్తగారి వైపు తిరిగింది.

"బిగించడానికి పని తెలిసిన మనిషి ఒకరు కావాలి అత్తయ్యా. రేపట్నుంచి ఈయన్ని పెట్టుకుంటున్నాను."