చిలకలన్నీ ఒప్పుకున్న మంగళవారం

పరీక్ష తేదీకి విద్యార్థుల చెవుల్లోని చిలకలన్నీ ఒప్పుకోవాలన్న రూలు వచ్చాక, యూనివర్సిటీ పరీక్షల అధికారి మంగతాయారుకి జుట్టు సగం ఊడిపోయింది. చిలకంటే చెవిలో కూర్చుని మనిషి రోజంతా చక్కబెట్టే బుల్లి యంత్రం. సోమవారం అంటే ఒక చిలక "మావాడికి వర్జ్యం" అనేది. గురువారం అంటే ఇంకోటి "మా అమ్మాయి పిన్నిగారి తోడికోడలి సీమంతం" అనేది. ఫైనలియర్ వాళ్లకి పెళ్లిళ్లై పిల్లలు పుట్టారు గానీ పరీక్ష మాత్రం కాలేదు.

ఒకరోజు గుమాస్తా జోజిబాబు పరుగెత్తుకొచ్చాడు.

"మేడమ్! మంగళవారం పొద్దున అందరూ ఖాళీయేనట. గేటు ముందు ధర్నా ఉందండి. చిలకల దృష్టిలో ధర్నా అంటే ఊరికే కూర్చోవడమే!"

"దేనికయ్యా ధర్నా?"

"పరీక్ష వాయిదా వెయ్యాలని."

"అసలు తేదీయే పెట్టలేదుగా!"

"పెడతారేమోనని, ముందుజాగ్రత్త అండి."

మంగళవారం షామియానా కింద అందరూ వరసల్లో కూర్చున్నారు. నాయకుడు విశ్వరూప్ "వాయిదా!" అంటే జనం "కావాలి! కావాలి!" అంటున్నారు. మంగతాయారు వెళ్లి అతని చేతిలో ప్రశ్నపత్రం పెట్టింది. జోజిబాబు మిగతావాళ్లందరికీ పంచాడు.

"ఇది అన్యాయం మేడమ్!"

"నీ చిలకనే అడుగు నాయనా."

"ఖాళీయే," అంది చిలక, నిక్కచ్చిగా.

విశ్వరూప్ పళ్లు నూరుతూ పేపరు చూశాడు. మొదటి ప్రశ్న తనకొచ్చిందే. పెన్ను తీశాడు. నినాదాలు ఆగిపోయాయి.

గంట గడిచాక అతని పిడికిలి మళ్లీ లేచింది. మళ్లీ ధర్నాయేననుకుని మంగతాయారు పరుగెత్తుకొచ్చింది.

"అడిషనల్ షీట్!" అని అరిచాడు.

అలవాటు కొద్దీ జనమంతా అందుకున్నారు.

"కావాలి! కావాలి!"