అందరికీ చొక్కాలే

"ఆగు తాతా, ఆ గుడ్డ కత్తిరించకు," అంటూ మనవరాలు దర్జీ చెయ్యి పట్టుకుంది.

"ఎందుకే? నువ్వు ఆన్‌లైన్‌లో పెట్టిన ఆర్డర్ ఫారంలో తొమ్మిదిమందీ చొక్కాలే ఎంచుకున్నారు. నా చొక్కాలంటే అంత మోజు."

"మోజూ లేదు, మన్నూ లేదు. లిస్టులో మొదటిది చొక్కా. పేజీ తెరవగానే నా కోడు దాన్నే చదివేసింది. వాళ్లు ఎంచుకుని బటన్ నొక్కాక చదవాలి. ఇప్పుడే ఆ చదివే లైనుని బటన్ తర్వాతకి జరిపాను."

పూలగుడ్డ మీద సుద్దతో తాను గీసిన కాలరు వంక దర్జీ చూశాడు.

"నీ కోడుకి పట్టుమని పదిరోజులైనా నిండలేదు. నేను నలభై ఏళ్లుగా, మనిషి నోరు తెరవకముందే ఏం కావాలో తేల్చేస్తున్నాను. నన్నెక్కడికి జరుపుతావే?"

మనవరాలు నవ్వి, ఆ గుడ్డ ఇచ్చినావిడకి ఫోను కలిపి ఇచ్చింది.

"అమ్మా, దర్జీని. మీ పూలగుడ్డతో ఏం కుట్టమంటారు?"

అవతలామె తన కిటికీ కర్టెన్ల గురించి చెప్పి ముగించేదాకా ఆయన నోరు మెదపలేదు.