సవరణకు కారణం

"ఆ ఎంట్రీ మార్చండి సుబ్బారావుగారూ," అన్నాడు షాపు యజమాని జయకృష్ణ, కంప్యూటర్ తెరమీద వేలు పెట్టి. "మూడేళ్ళ కిందటి లక్షన్నర. ధర్మాల ఖాతాలో పడింది. అది మీ అడ్వాన్సు కదా!"

గవర్నర్‌పేటలోని ఆ కాగితాల హోల్‌సేల్ షాపులో ముప్ఫై ఏళ్ళుగా లెక్కలు రాస్తున్న వెంకటసుబ్బారావు చేతులు ఆగిపోయాయి. రేపటితో ఆయన ఉద్యోగం అయిపోతుంది.

"మా బుల్లెమ్మ ఆపరేషన్‌కి మీరు సాయం చేసిన డబ్బండి అది. ధర్మాల్లో రాయమన్నదీ మీరే."

"ఆస్పత్రిలో మనిషి అలా ఉంటే, అప్పని మొహాన ఎలా అంటానండీ? మీ గ్రాట్యుటీలో పట్టుకుంటాం. ఆడిటర్ కూడా సరేనన్నాడు."

ఆ రోజు ఆయన భార్య బుల్లెమ్మ ఆస్పత్రి మంచంమీదనుంచే ఈ జయకృష్ణకి రెండు చేతులూ ఎత్తి మొక్కింది. నాలుగోరోజు పోయింది. ఆ మొక్కు తలుచుకునే సుబ్బారావు మూడేళ్ళుగా జీతం పెంచమని నోరు తెరవలేదు.

పాత పద్దు ఆయన చెరపలేదు. చెరపకూడదు, తప్పును అలాగే ఉంచి కొత్తగా సవరణ రాయాలి. తన ఖాతాలో ఖర్చు, ధర్మాల ఖాతాలో జమ, లక్షా యాభైవేలు. కారణం రాసే గడి దగ్గర కాసేపు ఆగి, ఒక్కో అక్షరమే కొట్టాడు.

జయకృష్ణ వంగి చదివాడు: "అప్పును సాయమనుకుని గుమస్తా, అతని భార్య పొరపాటు పడినందున."

"ఇదేంటండీ? ఆడిటర్ చూస్తాడు!"

"చూడాలనేనండి," అంటూ సుబ్బారావు సేవ్ నొక్కాడు. "కారణం రాయకుండా తప్పు దిద్దకూడదని మీ నాన్నగారే నేర్పారు."