కమిషనరమ్మకు దిష్టి

శిశు సంక్షేమ శాఖ కమిషనరమ్మ ఇప్పుడు మనిషి కాదు. పిల్లలున్న ప్రతి ఇంటి గోడ మీదా ఉండి అన్నీ చూసే యంత్రం గొంతు. మా ఇంట్లో వంటగది గుమ్మం పైన ఉంటుంది. తల్లి లేని పిల్లని తండ్రి సరిగ్గా చూడడని ఆవిడకి మొదటినుంచీ అనుమానమే.

ఆ సాయంత్రం మా పాప రోహిణి అన్నం ముట్టలేదు. ఒళ్ళు వెచ్చబడింది. ఉప్పు, ఎండుమిర్చి గుప్పిట పట్టి దిష్టి తీసి నిప్పుల మీద వేశాను. ఘాటుకి ఇద్దరం దగ్గాం.

"సింహాద్రి గారూ, జ్వరం పిల్ల దగ్గర నిప్పేమిటి, పొగేమిటి? బండి పంపిస్తున్నాను. పాప ఇక మా హోంలో ఉంటుంది," అంది గోడ మీంచి కమిషనరమ్మ.

"దిష్టి తీత్తన్నానమ్మా! మీకేటి తెలుసు?" అని అరిచాను. అరుపు కూడా తప్పుల్లో కలుపుతుందని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. కాలు నిలవక, బండి చప్పుడు కోసం వీధి గుమ్మానికీ మంచానికీ మధ్య తిరుగుతున్నాను.

రోహిణి లేచి గుప్పెడు మిర్చి తెచ్చింది. "నానా, కమిషనరమ్మకి కూడా తియ్యి. అందరి కళ్ళూ ఆవిడ మీదే కదా."

వాకిట్లో బండి ఆగింది. ఏం చెయ్యాలో తోచక గోడకెదురుగా మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేశాను. మిర్చి మాడి బొగ్గయింది. ఎవరికీ దగ్గు రాలేదు.

"ఈసారి ఘాటు రాలేదేం?" అంది గోడ.

"దిష్టి బాగా ఉంటే రాదు," అంది నా కూతురు.

బయట బండి వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

"ఇంతవరకూ నాకెవరూ తీయలేదు. రేపు కూడా తీయండి."

అలాగేనమ్మా అన్నాను. ఆ దిష్టిలో సగం నేను పెట్టిందేనని మాత్రం చెప్పలేదు.