అయిదు నిమిషాల తలుపు

రెండో తలుపు తెరుచుకోలేదు. మొదటిది అప్పటికే బిగుసుకుపోయింది. రెండింటి మధ్య ఒక మంచం పట్టేంత గదిలో ఇద్దరు ఇరుక్కున్నారు: ఆ తలుపులకు ప్రోగ్రాం రాసిన అమ్మాయి, దాన్ని పరీక్షించే పెద్దాయన. ఆఫీసంతా ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది.

మొదటి తలుపు మూసుకున్న అయిదు నిమిషాలకు రెండోది తెరుచుకోవాలి. ఇరవై నిమిషాలైంది. బయటి క్రిములు వార్డుల్లోకి పోకుండా ఆపే ఇలాంటి గదులు ముప్ఫై, రేపు ఆసుపత్రులకు వెళ్ళిపోతున్నాయి.

ఫోన్లు బయటే ఉన్నాయి. రెండో తలుపు గాజు అవతల గార్డు వీళ్ళకేసి చూస్తూ, ఉండుండి బెల్లు నొక్కుతున్నాడు. అది మోగినప్పుడల్లా ఆమె అరచేతులతో గాజును బాదుతోంది. బాబాయ్ మాత్రం గోడకానుకుని తాపీగా నిలబడ్డాడు.

"బెల్లు నొక్కితే నీ ప్రోగ్రాం ఏం చేస్తుందమ్మాయ్?"

అయిదు నిమిషాలు నిద్రపొమ్మని రాశాననీ, బెల్లు నొక్కితే లేచి, మోగించి, మళ్ళీ పడుకుంటుందనీ విసుగ్గా చెప్పింది.

"మళ్ళీ ఎంతసేపు?"

ఆమె గాజు మీద నుంచి చేతులు తీసేసింది.

"మిగిలినంతసేపే పడుకోవాలి," అంది మెల్లగా. "నేను మళ్ళీ మొదట్నించీ అయిదు నిమిషాలు పడుకోమన్నాను."

ఈ తప్పు గురించే ఆయన మూడుసార్లు ఫిర్యాదు రాసి పంపాడు. నా కంప్యూటర్లో బాగానే ఉందంటూ మూడుసార్లూ దాన్ని కొట్టిపారేసింది తనే.

నొక్కొద్దని గార్డుకు రెండు చేతులూ ఊపింది. అతను తలూపి, మళ్ళీ నొక్కాడు. ఆమె బాబాయ్ వైపు తిరిగింది.

"ఆసుపత్రిలో అయితే, బాబాయ్ గారూ, బయటివాళ్ళు కంగారుపడి నొక్కుతూనే ఉంటారు. లోపలివాళ్ళకి ఊపిరాడకపోతే... రేపు పంపొద్దు. తప్పు నాదేనని నేనే చెప్పి ఆపిస్తాను."

బాబాయ్ గాజు వైపు తిరిగి అరచెయ్యి చూపించాడు. గార్డు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అయిదు నిమిషాలు గడిచాయి. టక్కుమని తలుపు తెరుచుకోగానే ఆమె వెనక్కి చూడకుండా మేనేజరు గదికి పరుగెత్తింది.

గార్డు బుర్ర గోక్కుంటూ బాబాయ్ దగ్గరికొచ్చాడు.

"పదిసార్లు నొక్కమన్నారు గదా సార్, ఆరుసార్లకే ఆపించేశారేం?"