పెద్దకోడలి కుంపటి

చలి ముదరగానే మా అత్త బొగ్గుల కుంపటిని పెద్దకోడలి గదిలో పెట్టించింది. నా కడుపు మండిపోయింది. ఈ రాత్రి దాన్ని ఎత్తుకొచ్చేద్దామని పిల్లిలా వాళ్ళ గదిలోకి వెళ్ళాను.

కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. ఇల్లదిరిపోయే బావగారి గురక వినిపించలేదు. నిప్పుల వెలుగులో అక్క బుగ్గలు గులాబీల్లా ఉన్నాయి. కుంపటి గడపకు తగిలి ఠంగుమన్నా ఇద్దరూ కదల్లేదు. ఎంత హాయిగా పడుకున్నారో!

మా గదిలో పెట్టుకుని తలుపు గట్టిగా బిగించాను. చాలాసేపటికి మా ఆయన మూలిగాడు.

"తల పగిలిపోతోందే. కాస్త కిటికీ తియ్యి."

"మీ వదిన తీసిందా? ఆవిడకో న్యాయం, నాకో న్యాయమా?"

ఆయన మళ్ళీ అడగలేదు. కాసేపు గురక పెట్టాడు. ఇప్పుడు అదీ లేదు.

నాకూ కళ్ళు మూతలు పడుతున్నాయి. తెల్లారాక చూడండి, అక్క బుగ్గలకంటే నావే ఎర్రగా ఉంటాయి.