గెలుస్తున్న రాజు

ఆట ఆడి చూడాల్సిన మనిషి ఆ రోజు ఎగ్గొట్టాడు.

నాలుగింటికి యజమాని వస్తాడు. ఆయనకి నచ్చితే ఆట బజారుకెళ్తుంది. నచ్చకపోతే ఇన్నాళ్ళ చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే. రాణిగారు కాలుగాలిన పిల్లిలా గదిలో అటూ ఇటూ తిరుగుతోంది.

రాణిగారంటే నిజం రాణి కాదు. కోటలూ కిరీటాలూ ఉన్న కంప్యూటర్ ఆట తయారు చేస్తోంది కదా అని ఆఫీసువాళ్ళు పెట్టిన పేరది. కోపం మాత్రం రాణిదే.

"కింద మెట్ల దగ్గర ఒక పెద్దాయన వాన తగ్గేదాకా కూర్చుని ఉన్నాడు. పట్టుకొచ్చా," అన్నాడు బొమ్మలు గీసే అతను.

"ముసలాయనా? మౌస్ పట్టుకోవడమైనా వచ్చా?"

"ఇంత తొందరలో నీకు చక్రవర్తులెవరూ దొరకరు గానీ, కానీయ్."

పెద్దాయన చొక్కా భుజాల దగ్గర తడిసిపోయింది. చూపించిన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"ఆడుతూ మీకేమనిపిస్తే అది పైకి చెప్పాలండీ. నేను మాత్రం నోరు మెదపకూడదు. ఇక్కడి పద్ధతి అది," అంది రాణిగారు. "మీరొక రాజు. పైన కనిపించే బంగారు గీత మీ పరపతి. విందులిచ్చినా, యుద్ధాలు గెలిచినా పెరుగుతుంది. పన్నులేసినా, మాట తప్పినా తరుగుతుంది. మొత్తం తరిగిపోతే సామంతులు తిరగబడి గద్దె దించేస్తారు."

"తరుగుతున్నట్టు రాజుకి కనబడుతుందా?"

"కనబడకపోతే ఎలా ఆడతారండీ?"

ఆయన చిన్నగా నవ్వి మౌస్ అందుకున్నాడు.

ఆట బాగానే పట్టుబడింది. విందిచ్చాడు. కోట గెలిచాడు. మళ్ళీ విందిచ్చాడు. గీత అంచుల దాకా నిండింది.

రాణిగారు గోళ్ళు కొరుక్కుంటూ గడియారం వంక చూస్తోంది. ఆమెకి కావలసింది గెలిచే రాజు కాదు, కూలిపోయే రాజు. గద్దె పోతుంటే ఆడేవాడి గుండె గుభేల్‌మనాలి, అదే లేదని యజమాని పోయినసారి ముఖం మాడ్చుకుని వెళ్ళాడు.

ఉన్నట్టుండి పెద్దాయన మౌస్ వదిలేశాడు.

"ఈ రాజు పనైపోయిందమ్మా."

రాణిగారు పద్ధతి మర్చిపోయి నోరు తెరిచింది. "గీత నిండుగా ఉంది కదండీ!"

"సభ చూడు. మొదట్లో గొడ్డు తప్పిపోయిందనీ, గట్టు తగాదా అనీ జనం వచ్చి మీద పడేవాళ్ళు. ఇప్పుడు ఒక్కరూ రావడం లేదు. పొగిడేవాళ్ళే మిగిలారు."

బొమ్మలు గీసే అతను తల గోక్కున్నాడు. "ముందు ఘట్టాలకే జనాన్ని గీశానండీ. తర్వాతివి ఇంకా గీయలేదు."

"గీయకు బాబూ! అలాగే ఉంచు. ఆ గీత తీసెయ్యండి, అంతే. పరపతి పోవడం రాజుకి కనబడదు. తిట్టేవాళ్ళు ఒక్కొక్కరే రావడం మానేస్తారు. వాళ్ళకి ఇతని మీద ఆశ పోయింది మరి. ఈయనేమో, ఊరు ప్రశాంతంగా ఉంది, బ్రహ్మాండంగా ఏలుతున్నాననుకుంటాడు."

రాణిగారి ఓపిక అయిపోయింది. ఉన్న తలనొప్పికి తోడు ఈయన పాఠాలొకటి.

"మీరు ఆట పూర్తి చెయ్యలేదండీ. మధ్యలో ఆపేస్తే లెక్కలోకి రాదు."

"నిజమేనమ్మా." ఆయన లేచాడు. "వాన కూడా తగ్గినట్టుంది."

ఇద్దరికీ పేరుపేరునా చెప్పినంత మర్యాదగా వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళాడు. రాణిగారు తలెత్తలేదు. విందుకి పెరిగే పరపతి కొంచెం తగ్గించింది, పన్నుకి తరిగేది కొంచెం పెంచింది, మళ్ళీ మొదటికే తెచ్చింది.

యజమాని రానే వచ్చాడు. ఆడాడు. గద్దె పోతుండగా ఆవులించాడు.

"గీత తరుగుతోందని మొదటినుంచీ కనబడుతూనే ఉంది. అంత తెలిసి కూలిపోతే భయమెందుకేస్తుంది? ఆ సంగతి రాజుకి తెలియకూడదు. దానికి నీ దగ్గర ఉపాయమేమైనా ఉందా?"

రాణిగారికి పెద్దాయన మాటలు గుర్తొచ్చాయి. ఉంది. చేతికి వచ్చినదాన్ని చేతులారా పోగొట్టుకుంది. గడగడా పెద్దాయన చెప్పిందంతా అప్పజెప్పింది, గీత లేని ఆట, ఖాళీ అయ్యే సభ, మిగిలిపోయే పొగడ్తలు.

యజమాని ముందుకి వంగి విన్నాడు. తర్వాత నెమ్మదిగా వెనక్కి వాలాడు.

"బాగుంది. చాలా బాగుంది. కానీ చెప్పిన మాటని ఎలా ఆడి చూడనమ్మా? ఇవాళే తేల్చెయ్యమని డబ్బు పెట్టినవాళ్ళు కూర్చున్నారు. ఆ గీత ఇందాకే చెరిపేసి చూపించాల్సింది."

గీత చెరపడం ఒక్క నొక్కు పని.

ఆట మూతపడింది. రాణిగారు లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లన్నీ దిగింది. సిగ్గుతో ముఖం మండిపోతోంది. ఆ మనిషి కనబడితే చాలు, క్షమించమని అడుగుదామనుకుంది.

గేటు దగ్గర ముసలి కాపలాదారు ఒక్కడే ఉన్నాడు.

"బాబాయ్, ఇందాక వానకి మెట్ల మీద కూర్చున్న పెద్దాయన ఎటు వెళ్ళాడు?"

"ఆయనా? ఎప్పుడో బస్సెక్కేశారు. నీకేం పనమ్మా ఆయనతో?"

"ఉంది. ఎవరు బాబాయ్ ఆయన? రాజుల సంగతి ఆయనకెలా తెలుసు?"

కాపలాదారు ఆమెని వింతగా చూశాడు.

"నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పుడు ఈ ఊరిని ఏలిన మేయరు ఆయనేనమ్మా, ఎన్నికల్లో ఓడిపోయిన రోజు పొద్దున కూడా చుట్టూ ఉన్నవాళ్ళంతా మీరే గెలుస్తున్నారని చెప్పారట పాపం."